చెక్కపూల సొరుగులు

లండనులోని వాలెస్ కలెక్షను ప్రదర్శనశాలయందు ఫ్రెంచి సొరుగులబల్ల యొకటి మమ్ము చాలసేపు నిలిపివేసినది. దానిని 1780లో రాణి మేరీ ఆంటాయినెట్ కొరకు రీసెనర్ అను వడ్రంగి చేసెను. ఇతడు జర్మనుదేశమున బుట్టి, 1768లో పారిసు వడ్రంగుల శ్రేణియందు నిపుణుడుగా నంగీకరింపబడినవాడు. పలువన్నెల కొయ్యలను పలుచని రేకులుగా గోసి, అంచులను వేడియిసుకలో గమిలించి నీడలు దెచ్చి, పూవులుగా నతికించుట యాతని విద్య. వెలుతురు సోకి నాటి వన్నె లిప్పుడు చాలవరకు వెలిసిపోయినవి. పని మాత్రము చెడలేదు. విప్లవకాలమున, 1793-94లలో, వెర్సేల్సు నగరులోని సామానులు వేలమువేయగా, తాను చేసినవానిని దానే కొని, మరల నమ్ముకొనజాలక యతడు చితికిపోయెను.

ఆ పూవుల యెదుట మాకొక శిష్యుడు జ్ఞప్తికి వచ్చెను. కొయ్యబొమ్మలు చక్కగా జెక్కెడి యా బాలుడు వడ్రంగము నేర్చుకొందునని యడిగినపుడు, "చదివినవానికి ఉలి యేలరా?" యని మేము మందలించితిమి. వాడు మా మాట విని గుమాస్తా యయ్యెను. మొన్న గనబడి నమస్కరించినపుడు, "ఇంకను బొమ్మలు చెక్కుచున్నావా?" యని యడిగితిమి. "ఉలి యెక్కడ పెట్టితినో జ్ఞాపకము లేదండీ" యనెను. కాళిదాసును బోధించు నోటితోనే యొక శిల్పిని జంపుకొంటిమి.

చదువరులారా, మీ యింట నట్టి బాలుడున్నచో మావంటి పంతులను సలహా యడుగకుడు. వానికొక ఉలి కొనియిండు.