బడి గంట తర్వాత... మరో బడి!

బడి వదలగానే ట్యూషన్, ఆ తర్వాత డ్యాన్స్ క్లాసు, ఆపైన కరాటే... మన పట్టణాల్లో పిల్లలకు సాయంత్రం రెండో పరుగు మొదలవుతుంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఫీజు కట్టాల్సిందే. బ్రహ్మపుత్ర నది మధ్యలో ఉన్న మాజులీ దీవిలో మాత్రం నాట్యమూ పాటా వాద్యమూ ఫీజు లేకుండా నేర్పే పద్ధతి వందల ఏళ్లుగా సాగుతోంది.

అసోంలోని జోర్హాట్ దగ్గర నిమాతీఘాట్‌లో ఫెర్రీ ఎక్కితే గంటకు పైగా నది మీదే ప్రయాణం. మనుషులతోపాటు మోటారు సైకిళ్లూ బియ్యం బస్తాలూ అందులోనే. గోదావరి లంకల్లో పెరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. కాకపోతే ఇది ఏకంగా ఒక జిల్లా! 2016లో దేశంలోనే తొలి నదీ ద్వీప జిల్లా అయింది.

సత్రమే గురుకులం

మాజులీ అంటే సత్రాలు. మన సత్రాల్లా బాటసారుల బస కాదు, ఇవి వైష్ణవ మఠాలు. 15, 16 శతాబ్దాల్లో జీవించిన శంకరదేవుడూ ఆయన శిష్యుడు మాధవదేవుడూ చూపిన భక్తిమార్గం వీటికి పునాది. నాటకం, నృత్యం, సంకీర్తన... వాళ్ల దృష్టిలో ఇవన్నీ పూజే.

ఉత్తర కమలాబారి లాంటి సత్రాల్లో చిన్నతనంలోనే చేరిన అబ్బాయిలు సన్యాసుల సంరక్షణలో పెరుగుతారు. పగలు అందరిలాగే బడికి వెళ్తారు. మిగతా వేళల్లో ‘మాటి అఖోరా’ అనే నేలమీది కసరత్తులు, ఖోల్ వాయిద్యం, తాళాలు, అడుగులు. తిండి, బస, శిక్షణ అన్నీ సత్రమే చూసుకుంటుంది. పెద్దయ్యాక సంసార జీవితం కావాలనుకుంటే వెళ్లిపోవచ్చు. ఆడవేషాలూ మగవాళ్లే కట్టడం చూస్తే మన కూచిపూడి భాగవతులు గుర్తొస్తారు. ఈ సత్రియ నృత్యాన్ని 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించింది.

వెదురుకు ప్రాణం

1663లో ఏర్పడిన సామగురి సత్రంలో ఇంకో విద్య. వెదురు బద్దలతో చట్రం అల్లి, బంకమట్టిలో ముంచిన గుడ్డ చుట్టి, మట్టీ పేడా కలిపి ముక్కూ చెంపలూ దిద్ది, ఎండబెట్టి రంగులేస్తారు. రావణుడు, పూతన, గరుత్మంతుడు... నాటకానికి కావాల్సిన మాస్కులన్నీ ఇలా తయారవుతాయి. కొన్నిటికి దవడలు కూడా కదులుతాయి! నేర్చుకుంటామని వచ్చిన కుర్రాళ్లకు ఇక్కడ నేర్పుతారు. ఈ కళకు జీవితం అంకితం చేసిన హేమచంద్ర గోస్వామికి 2023లో పద్మశ్రీ దక్కింది. 2024లో మాజులీ మాస్కులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఖర్చు ఎవరిది?

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. అహోం రాజులు ఇచ్చిన భూములూ భక్తుల కానుకలూ సత్రాలకు ఆధారం. ఆ పొలంలో పండిన ధాన్యమే పిల్లల పళ్లెంలోకి వచ్చేది. ఇప్పుడు నది కోస్తున్నది ఆ పొలాన్నే.

1950 నాటి భూకంపం తర్వాత కోత మరీ ఎక్కువైంది. 20వ శతాబ్దం మొదట్లో 880 చదరపు కిలోమీటర్లున్న దీవి, 2014 నాటికి 352కి చిక్కిపోయిందని అంచనా. ఒకప్పుడు 60కి పైగా సత్రాలు ఉండేవంటారు. వాటిలో చాలా సత్రాలు నది దాటి అవతలి ఒడ్డుకు తరలిపోయాయి. సత్రం కదిలిందంటే గురువులూ కదిలినట్టే. ఇక ఆ ఊరి పిల్లలు సాయంత్రం ఎవరి దగ్గరకు వెళ్లాలి? చీకటి పడితే ఫెర్రీలు తిరగవు. నేర్చుకునేదేదైనా దీవిలోనే దొరకాలి.

వెళ్లాలంటే...

నవంబరు నుంచి మార్చి వరకూ అనువైన కాలం. కార్తీక పౌర్ణమికి వెళ్తే రాసలీల ఉత్సవాలు చూడొచ్చు. విమానంలోనైనా రైల్లోనైనా జోర్హాట్ చేరి, ఘాట్‌లో ఫెర్రీ వేళలు ముందే కనుక్కోండి. సత్రంలో సాధన జరుగుతుంటే ఓ పక్కన కూర్చుని చూడండి, ఫొటో తీసేముందు అనుమతి అడగండి. వచ్చేటప్పుడు సామగురిలో ఒక మాస్కు కొనండి. గోడకు అందం, వెదురు చీల్చడం నేర్చుకుంటున్న కుర్రాడికి ఆ పని మీద నమ్మకం!