మా వంటిల్లు, మా లెక్కల పుస్తకం

మా ఊరు పాడేరు మన్యంలో, రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి మూడు కిలోమీటర్లు కొండెక్కితే ఉంది. మాకున్న ఒక్క గదిలో సగం వంటిల్లే. మట్టి గోడలు, పెంకుల కప్పు, మధ్యన మూడు రాళ్ల పొయ్యి. పొయ్యి మీద అటుక, అటుక నిండా విత్తనం. మొక్కజొన్న పొత్తులు, చోళ్ల కంకులు, చిక్కుడు గింజల మూటలు అన్నీ పొగపట్టి నల్లగా ఉంటాయి.

అమ్మకి రెండేళ్లుగా దగ్గు. ఆసుపత్రిలో పొగ మానమన్నారు. ఆ ఏడాది కాఫీ అమ్మిన డబ్బుతో వంటిల్లు బాగుచేద్దామని అక్క, తమ్ముడు, మేమంతా కూర్చున్నాం. కాఫీకి 52,000, మిరియాలకి 18,000 వచ్చింది. అందులోంచి తమ్ముడి చదువుకి 15,000, కొట్లో బాకీకి 9,000 ముందే పక్కన పెట్టేశాం. చేతిలో మిగిలింది 46,000.

సంత రోజున మేస్త్రిని కలిశాం. ఇటుక గోడలు, సిమెంటు గచ్చు, టైల్సు అన్నీ కలిపి 85,000 అవుతుందన్నాడు. అది రోడ్డు పక్క ఇంటి లెక్క. మోతకూలి అందులో లేదు. కొట్లో 400 ఉన్న సిమెంటు బస్తాకి ఆటో 30, రోడ్డు చివర నుంచి తలమీద మోసినందుకు 100. మా గుమ్మంలోకి వచ్చేసరికి 530. ఇటుకైతే మనిషి విడతకి పది మోస్తాడు. 800 ఇటుకలకి 80 సార్లు కొండెక్కాలి. అది రాసి చూశాక ఇటుక మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నిజానికి మట్టి గోడకి ఏ జబ్బూ లేదు. పక్కూళ్లో సిమెంటు ఇల్లు చూసొచ్చి మాకే అది పాతగా కనిపించింది.

గోడలు ఉంచేసి, గచ్చు చేయించి, కిటికీ పెట్టి, గ్యాసు పొయ్యికి గట్టు కట్టిద్దామనుకున్నాం. అప్పటిదాకా మాట్లాడని అమ్మ అప్పుడు అడిగింది. "పొయ్యి తీసేస్తే విత్తనం ఏటవుతాది?"

మాకు జవాబు లేదు. పెదనాన్న ఇంట్లో అంతకుముందు ఏడాదే గ్యాసు వచ్చి పొయ్యి పోయింది. అటుక మీది విత్తనం గోనెల్లోకి మారింది. వానలు దిగేసరికి సగం పుచ్చిపోయింది. కొట్లో ప్యాకెట్టు విత్తనం కొన్నారు. మా మొక్కజొన్న పొట్టిగా ఉంటుంది, గాలికి పడదు. అది ఏ ప్యాకెట్టులోనూ దొరకదు. అమ్మ ఊపిరి ఒక పక్క, విత్తనం ఒక పక్క. రెండు రాత్రులు ఇంట్లో గట్టిగానే మాటలు నడిచాయి. విత్తనం కోసం అమ్మ దగ్గుతూ కూర్చోవాలా అని అక్క ఏడ్చింది కూడా.

చివరికి దారి చూపింది అమ్మే. పొయ్యినీ అటుకనీ ఇంటి వెనక్కి మార్చమంది. అక్కడ రెండు పక్కలా తెరిచిన చిన్న పంచ దింపి, పొయ్యికి దగ్గరగా కిందకి అటుక కట్టాం. స్తంభాలకి మా తోటలోని సిల్వర్ ఓక్ చెట్లే సరిపోయాయి. పొగ అటుకని తాకి బయటికి పోతుంది. స్నానాలకి నీళ్లు కాగేది, అంబలి ఉడికేది అక్కడ. మిగతా వంట లోపల గ్యాసు మీద.

కొత్త లెక్క ఇది. పది బస్తాల సిమెంటు 5,300. మేస్త్రికి ఏడు రోజులకి 6,300. గట్టు మీద కడప బండ, మోతతో కలిపి 3,500. పంచకి ఆరు రేకులు, మోతతో 4,200. కిటికీ 2,500. పనికొచ్చినవాళ్ల భోజనాలకి కోళ్లు, నూనె, ఉప్పు 2,400, బియ్యం ఇంట్లోవే. మొత్తం 24,200. ఇంకో గీత అక్క గీసింది. సిలిండరు నింపించడానికి మోతతో సహా వెయ్యి, ఏడాదికి ఎనిమిది, అంటే 8,000. పొయ్యి ఒకసారే వస్తుంది, సిలిండరు ఎప్పుడూ అయిపోతూనే ఉంటుంది. ఆ గీత లేకే మా ఊళ్లో మూడిళ్లలో గ్యాసు పొయ్యి మీద బట్టలు మడతపెట్టి ఉంటాయి. ఇంకా 13,800 మిగిలింది. దాన్ని వానాకాలానికి, ఆసుపత్రికి ముట్టకుండా దాచాం.

లెక్క తప్పింది ఒక్కచోటే. ఒక బస్తా సిమెంటు రోడ్డు చివర చెట్టుకింద రాత్రంతా ఉండిపోయి, వానకి తడిసి బండైపోయింది. ఇంకో 530 పోయింది. ఆ బండ మీదే ఇప్పుడు బట్టలు ఉతుకుతున్నాం.

పుస్తకంలో వెనక పేజీ ఒకటుంది. అందులో రూపాయలు లేవు. గచ్చు కొట్టడానికి, పంచ లేపడానికి ఆరుగురు మూడు రోజులు వచ్చారు. పద్దెనిమిది రోజుల పని మేం వాళ్లకి బాకీ. మేస్త్రి అది చూసి నవ్వి, ఇది ఖర్చెలా అవుతుందన్నాడు. నాట్లప్పుడు ఎవరి మడిలోకి ఎన్ని రోజులు వెళ్లాలో పేర్ల పక్కన రాసుకున్నాం. పదమూడు తీర్చాం.

అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు, రాత్రులు మాత్రం నిద్రపోతోంది. మొన్న వానల తర్వాత పంచలోకి వెళ్లి, అటుక మీది పొత్తు ఒకటి దింపి, గింజ వలిచి పళ్లకింద కొరికి చూసింది. టక్కుమంది. మిగతా పొత్తుని మళ్లీ పైనే పెట్టింది.