ప్రయాణానికి ముందు

రైలెక్కిన నాడే ప్రయాణం మొదలవుతుందని చిన్నప్పుడు అనుకొనేవాణ్ణి. పటం ముందు వేసుకొని, వేలితో దారి వెతుక్కొన్న నాడే అది మొదలవుతుందని ఉద్యోగ విరమణ చేసిన తరువాత తెలిసింది. కడపలో మా ఇంటి భోజనాల బల్ల మీద మూడు నెలలుగా ఒక పటం పరచి ఉంది. అన్నం వేళకు దానిని మడవడం, చేతులు కడుక్కొని వచ్చి మళ్లీ విప్పడం నాకు నిత్యకృత్యమైంది. అది స్కాట్లండ్ పటం. దాని పడమటి అంచున, ప్రధాన భూభాగం నుండి విడివడి, అట్లాంటిక్ మహాసముద్రంలో సుమారు 210 కిలోమీటర్ల పొడవున ఒక దీవుల వరుస కనిపిస్తుంది. దానిని అవుటర్ హెబ్రిడీస్ అంటారు. వచ్చే జూన్ నెలలో నేనూ, నా భార్యా, గ్లాస్గో నగరంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయీ అక్కడికి వెళ్లాలని సంకల్పించాం.

“అంత దూరం వెళ్తూ లండన్ చూడకుండా ఆ రాళ్ల దీవులకెందుకు?” అని మిత్రులు అడిగారు. నిజమే. అవి ఎత్తైన అడవులు గాని, ఆకాశాన్నంటే భవనాలు గాని ఉన్న దీవులు కావు. గాలి, గడ్డి, గొర్రెలు, గేలిక్ భాష మాట్లాడే కొన్ని వేల మంది మనుషులు, చుట్టూ సముద్రం. మొత్తం జనాభా సుమారు 26 వేలు. మిత్రుల ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే నేను రెండున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

ఆ దీవులలో పెద్దదైన లూయిస్‌లో స్టోర్నోవే అనే రేవు పట్టణం ఉంది. 1754లో అక్కడ కాలిన్ మెకంజీ జన్మించాడు. మొదట ఆ ఊరి సుంకాల కచేరీలో పనిచేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేలను కొలవడం ఆయన ఉద్యోగం. కొలిచిన నేల చరిత్రను అడిగి తెలుసుకోవడం ఆయన వ్యసనం. దేశభాషలు రాని ఆయనకు ఆ చరిత్రల తలుపు తెరిచినవారు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య మొదలైన సోదరులు. వారూ, వారి సహాయకులూ ఊరూరా తిరిగి, కరణాలనూ వృద్ధులనూ విచారించి, శాసనాలకు నకళ్లు తీసి, గ్రామ చరిత్రలు సేకరించారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఊరి పొలిమేర ఎక్కడ అన్న సంగతులన్నీ వాటిలో ఉన్నాయి. అవే కైఫియత్తులు. 1821లో కలకత్తా సమీపంలో మరణించేవరకు మెకంజీ తాను పుట్టిన దీవిని మళ్లీ చూడలేదు.

మా ఊరు పెన్న ఒడ్డున ఉండేది. నేను ఇంటర్మీడియట్ చదివే రోజులలో అది సోమశిల జలాశయపు నీటిలో మునిగిపోయింది. మాతోపాటు ఎన్నో ఊళ్లు మునిగాయి. ఇప్పుడు ఆ పేరు ఏ బస్సు బోర్డు మీదా కనిపించదు. అయితే కడప జిల్లా కైఫియత్తులు అచ్చయిన తరువాత ఒక సంపుటంలో మా ఊరి పేరు చూశాను. ఉన్నది ఒక్క పుట. అందులో తూర్పు పొలిమేర చెప్పేచోట చింతతోపు ప్రస్తావన వచ్చింది. ఆ తోపులోనే మేము కోతికొమ్మచ్చి ఆడుకొన్నాం. నీరు చేరకముందే ఆ చెట్లను నరికివేయడం కూడా చూశాను. కాగితం మీద తప్ప మరెక్కడా లేని ఆ తోపును చదివినప్పుడు, ఆ పుట రాయించిన మనిషి పుట్టిన ఊరిలో ఒక్కసారి నడవాలనే కోరిక నాలో కలిగింది.

ముప్పై ఏళ్లు కళాశాలలో పాఠాల పట్టికలు తయారుచేసిన అలవాటు కొద్దీ, పది రోజుల ప్రయాణానికి గంట గంటకూ లెక్క వేసి అమ్మాయికి పంపాను. గ్లాస్గో నుండి రైలులో ఇన్వర్నెస్, అక్కడి నుండి బస్సులో అల్లపూల్ రేవు, తరువాత రెండున్నర గంటలకు పైగా ఓడలో ప్రయాణించి స్టోర్నోవే. మరునాడు కలనిష్ అనే చోట సుమారు అయిదు వేల ఏళ్ల క్రితం నిలిపిన రాతి స్తంభాల వలయం. ఆ పై రోజు దక్షిణాన ఉన్న హారిస్. అక్కడివారు తమ ఇళ్లలోని మగ్గాల మీద నేసే ఉన్నిబట్ట లోకప్రసిద్ధం. నా పట్టికలో ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

అమ్మాయి చదివి నవ్వింది. “మనం రాసుకొన్నంత మాత్రాన సరిపోదు నాయనా. గాలి ఒప్పుకోవాలి. గాలి ఎక్కువైతే ఓడ కదలదు. రెండు రోజులు ఖాళీగా ఉంచు” అంది. అంతేకాదు, నేను ఆదివారానికి వేసుకొన్న పనులన్నీ కొట్టివేసింది. లూయిస్, హారిస్ ప్రజలలో చాలామంది ఆదివారాన్ని విశ్రాంతిదినంగా నిష్ఠతో పాటిస్తారు. స్టోర్నోవే నుండి ఆదివారం నాడు ఓడ నడపడం 2009 జూలైలో గాని మొదలు కాలేదు. ఈనాటికీ ఆ రోజు చాలా దుకాణాలు తెరవరు. కాబట్టి సరుకులు శనివారమే కొనుక్కోవాలి. ఈ మాట వినగానే నా భార్య రాగిపిండీ, పల్లీల పొడీ తీసుకువెళ్లే భారం తన మీద వేసుకొంది.

ఆ పటంలోనే ఒక మూల చిన్న గడిలో వేరుగా ముద్రించిన నాలుగు చుక్కలు ఉన్నాయి. అవి పటంలో ఇమడనంత దూరాన, మిగిలిన దీవులకు సుమారు 65 కిలోమీటర్లు పడమరగా ఉన్నాయి. వాటి పేరు సెయింట్ కిల్డా. హిర్టా, డూన్, సోయే, బోరెరే అనేవి అందులోని ముఖ్యమైన దీవులు. వాటిని గురించి చదవడం మొదలుపెట్టిన తరువాత స్టోర్నోవే కూడా నాకు దగ్గరి ఊరులాగా అనిపించింది.

హిర్టా దీవిలో మనుషులు వేల ఏళ్లు నివసించారు. అక్కడ చెట్టన్నది లేదు. 430 మీటర్ల ఎత్తున నిటారుగా లేచిన కొండ అంచులలో తాళ్లతో దిగి, ఫుల్మార్, గానెట్, పఫిన్ అనే సముద్రపక్షులనూ, వాటి గుడ్లనూ పట్టి తెచ్చుకోవడమే వారి ప్రధాన జీవనాధారం. ఈకలు, నూనె శిస్తుగా చెల్లించేవారు. సున్నం లేకుండా రాళ్లు పేర్చి, పైన గడ్డిపెళ్లలు కప్పిన చిన్న కొట్లలో పక్షి మాంసాన్ని గాలికి ఆరబెట్టి నిలవ చేసుకొనేవారు. అటువంటి కొట్లు ఆ ఒక్క దీవిలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. పురుషులందరూ ప్రతి ఉదయం వీధిలో సమావేశమై ఆనాటి పని నిర్ణయించుకొనేవారు. మన రచ్చబండ వంటిదే అది. కాకపోతే వారి చర్చ ఎక్కువగా గాలిని గురించీ, అలలను గురించీ జరిగేది.

సముద్రం వారికి తిండి పెట్టింది, వారిని బందీలనూ చేసింది. 1727 ఆగస్టులో ముగ్గురు పురుషులూ, ఎనిమిది మంది బాలురూ పక్షుల వేటకు స్టాక్ అన్ ఆర్మిన్ అనే సముద్రశిల మీద దిగారు. కొద్ది రోజులలో రావలసిన పడవ రాలేదు. హిర్టాలో మశూచి వ్యాపించి, పడవ నడిపేవారే కరవయ్యారు. ఆ పదకొండు మంది నిట్టనిలువు రాతి మీద చలికాలమంతా గడిపారు. 1728 మే నెలలో గాని వారికి విముక్తి కలగలేదు. తిరిగి వచ్చేసరికి ఊరిలో అధికభాగం ఖాళీ అయింది.

కాలక్రమాన యువకులు వలసపోయారు. చంటిబిడ్డలను ధనుర్వాతం కబళించింది. పదిహేడవ శతాబ్ది చివర సుమారు 180 మంది ఉన్న ఊరిలో 1930 నాటికి 36 మంది మిగిలారు. తమను అక్కడి నుండి తరలించమని వారే ప్రభుత్వానికి విన్నవించుకొన్నారు. 1930 ఆగస్టు 29న ప్రతి ఇంటిలోనూ తెరిచిన బైబిల్ ఒకటి, గుప్పెడు ఓట్లు ఉంచి, తలుపులు వేసి, హేర్‌బెల్ అనే నౌక ఎక్కారు. ఎన్నడూ చెట్టు ఎరుగని ఆ పురుషులలో కొందరికి ప్రధాన భూభాగంలో అడవుల శాఖలో పని దొరికింది. వారిలో చివరివారు 2016లో కన్నుమూశారు. ఇప్పుడు ఆ దీవులు నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ సంరక్షణలో ఉన్నాయి. ప్రకృతికీ, సంస్కృతికీ కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా పొందిన అరుదైన స్థలాలలో అదొకటి. సంరక్షకులూ, పరిశోధకులూ, సైనిక కేంద్రపు సిబ్బందీ వచ్చిపోతుంటారు గాని, ఆ ఊరు నాది అని చెప్పుకొనేవారు లేరు.

ఒక రాత్రి ఇదంతా నా భార్యకు చదివి వినిపించాను. గుప్పెడు ఓట్ల దగ్గర నా గొంతు ఆగింది. మా నాయనమ్మను మేము జేజి అని పిలిచేవాళ్లం. ఊరు విడిచిన రోజు బండి వాకిట నిలబడి ఉండగా, జేజి ఇల్లంతా ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేయడం మొదలుపెట్టింది. “మునిగిపోయే ఇంటికి ముగ్గెందుకమ్మా?” అని మా నాన్న విసుక్కొన్నాడు. ఆమె తల ఎత్తలేదు. ముగ్గు పూర్తయ్యేదాకా బండి కదలలేదు.

నా భార్య కాసేపు ఊరుకొని, “మనుషులు లేని ఊరు చూడను సముద్రాలు దాటి పోతామంటున్నారు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మన ఊరి దగ్గరికి ఒక్కసారన్నా పోయినారా?” అంది.

నేను పోలేదు. నీరు తగ్గిన ఏడు మా తమ్ముడు వెళ్తాడు. అరుగుల రాళ్లు, గుడి పునాది కనిపిస్తాయట. గుడి ఉన్నచోట దీపం పెట్టి వస్తాడు. వెళ్లిన ప్రతిసారీ నన్ను పిలుస్తాడు. చూడడానికి ఏముందిరా అని ప్రతిసారీ తప్పించుకొన్నాను. నలభై ఏళ్లుగా నాకు అది బలమైన సమాధానంగానే కనిపించింది. హిర్టాలోని కప్పులేని ఇళ్లు చూడడానికి టిక్కెట్టు ధర వాకబు చేస్తున్న మనిషి నోట ఆ మాట ఇక చెల్లదు. కైఫియత్తులోని చింతతోపును నేను ప్రేమించాను. అది ఎండదు, మునగదు. నీటి అడుగున బురద పట్టిన వాకిలిని చూడడానికి మాత్రం భయపడ్డాను.

మరుసటి ఆదివారం అమ్మాయితో మళ్లీ మాట్లాడాను. సెయింట్ కిల్డాకు హారిస్ దక్షిణపు కొసన ఉన్న లెవర్‌బరా నుండి వేసవిలో పడవలు వెళ్తాయి. ఒకవైపు ప్రయాణమే సుమారు మూడు గంటలు. హిర్టా చేరాక పెద్ద పడవ నుండి చిన్న రబ్బరు పడవలోకి, అందులో నుండి రేవు మెట్ల మీదికి అడుగు వేయాలి. అల ఎగసిపడుతుంటే దిగడం సాధ్యం కాదు. అరవై దాటిన నా మోకాళ్ల సంగతి అమ్మాయికి తెలుసు. “దిగలేకపోతే బాధపడతావేమో నాయనా” అంది. రోజూ ఉదయం మేడమెట్లు పదిసార్లు ఎక్కి దిగుతున్నానని చెప్పాను. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. పడవకు ఒక రోజు, అది ఆగిపోతే మళ్లీ ప్రయత్నించడానికి దాని పక్కన మరొక రోజు. రెండవ నాడూ గాలి ఒప్పుకోకపోతే, హారిస్ తీరాన కూర్చొని పడమటి దిక్కు చూసి వస్తాం. మోకాళ్లు ఒప్పుకోకపోతే అమ్మాయి దిగుతుంది, నేను పడవలో నుండి చూస్తాను. జూన్‌లో అక్కడ రాత్రి పదిన్నర దాకా వెలుగు ఉంటుంది కనుక చూడడానికి కావలసినంత సమయం ఉంటుంది.

ఆ విధంగా పట్టికను తిరగరాశాను. స్టోర్నోవేకు రెండు రోజులు ఇచ్చాను. కలనిష్‌కు ఒక పూట తగ్గించాను. ఆదివారం ఎదుట “విశ్రాంతి” అని రాశాను. అన్నిటికీ పైన, విమానం తేదీ కంటే ముందు, కొత్తగా ఒక వరుస చేర్చాను. “మే నెల, రెండవ ఆదివారం: మన ఊరు. తమ్ముడితో.” వరుస రాసిన తరువాత ముగ్గుపిండి కూడా తీసుకువెళ్లాలని గుర్తుకు వచ్చి, దాని పక్కన చిన్న అక్షరాలతో రాసుకొన్నాను.

అమ్మాయి ఆ పట్టికను ఫోనులో పైనుండి కింది దాకా చదివింది. మొదటి వరుస దగ్గర కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అడిగింది.

“దాని పక్కన కూడా ఒక రోజు ఖాళీగా ఉంచినావా, నాయనా?”

ఉంచానని చెప్పి, పటం మడిచాను. అప్పటికి అన్నం వేళయింది.