మూడు వారాల చదువు, రెండు కొటేషన్లు

మా ఆడపడుచు భర్త, అంటే వరసకు నాకు అన్నయ్యగారు, డబ్బు విషయంలో ఎవరూ అడగకుండానే సలహా ఇస్తారు. 2024 వేసవిలో మా అమ్మాయి వియన్నా వెళ్లొచ్చిన సంగతి ఏ పెళ్లిలో కదిలినా ఆయనది ఒకటే మాట. "నా మాట విని ప్యాకేజీలో పంపి ఉంటే పిల్ల హాయిగా తిరిగొచ్చేది చెల్లెమ్మా. పాపం, రూములో అన్నం వండుకు తిందట." చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అంటారు. పెళ్లి పంక్తిలో కాగితం తీసి లెక్కలు చెప్పలేను కదా! అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మాయి ఎమ్మే సైకాలజీ. వియన్నాలో ఒక యూనివర్సిటీ వాళ్లు వేసవిలో మూడు వారాల కోర్సు పెడతారు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం మ్యూజియాలు, పాత ఆసుపత్రులు, ఒక వారాంతం ప్రాగ్. సీటు వచ్చిందని తెలియగానే అన్నయ్యగారు తనకు తెలిసిన ట్రావెల్ ఏజెంటును వెంటబెట్టుకొచ్చారు. "అదే ఊరు, అవే మ్యూజియాలు, పైగా సర్టిఫికెట్టు. యూనివర్సిటీకి డైరెక్టుగా కట్టేస్తే, రేపు వీసా రాకపోతే ఎవర్ని నిలదీస్తారు? వీళ్లయితే మన ఊళ్లోనే ఉంటారు." మావారికి ఆ మాట నచ్చింది. నేను కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి 40,000 అడ్వాన్సు వెళ్లిపోయింది.

ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పేదాన్ని, కొటేషన్ చూడకుండా ఉండలేను. ప్యాకేజీ 5,40,000. దాని మీద 5 శాతం జీఎస్టీ 27,000. రెండూ కలిపిన 5,67,000 మీద మళ్లీ 5 శాతం టీసీఎస్, అంటే ఏజెంటే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, 28,350. వెరసి 5,95,350. టీసీఎస్ తిరిగొచ్చే డబ్బే, కాదనను. కానీ బుకింగ్ అమ్మాయి పాన్ మీద పెట్టారు. రూపాయి ఆదాయం లేని పిల్ల దానికోసం రిటర్న్ వేసి, రిఫండ్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చోవాలి. వచ్చిందనే అనుకుందాం. నికరంగా 5,67,000.

ఇక ప్యాకేజీ వద్దనుకుని మేం నేరుగా కట్టినది. యూనివర్సిటీ ఫీజు 1,950 యూరోలు. పాఠాలు, హాస్టలు గది, మ్యూజియం టికెట్లు, ప్రాగ్ బస్సు అన్నీ అందులోనే. బ్యాంకు ఆ రోజు యూరోకు 91.20 వేసింది, అంటే 1,77,840. స్విఫ్ట్ చార్జీలు, వాటి మీద జీఎస్టీ 1,900. విమానం రానూపోనూ 68,000. వీసాకు అప్పట్లో 80 యూరోలు, సర్వీసు చార్జీతో కలిపి 9,500 (ఆ జూన్ నుంచే 90 యూరోలు చేశారు). ఇన్సూరెన్సు 2,500. తిండికి రోజుకు 25 యూరోల చొప్పున 525 యూరోలు, 47,880. ట్రాము, మెట్రోలకు వారం పాసు 17.10 యూరోలు, మూడు పాసులకు 4,680. చేతి ఖర్చు 25,000. మొత్తం 3,37,300.

టీసీఎస్? సున్నా. బ్యాంకులో ఏ2 ఫారం మీద పర్పస్ కోడ్ ఎస్0305 రాశాం, అంటే చదువు, ఫీజు, హాస్టలు. చదువు కోసం పంపే డబ్బుకు అప్పట్లో ఏడాదికి 7 లక్షల దాకా టీసీఎస్ లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 లక్షలైంది. అదే విదేశీ టూర్ ప్యాకేజీ అయితే మొదటి రూపాయి నుంచే వసూలు. తిండి డబ్బు ఫారెక్స్ కార్డులో వేశాం. మామూలు క్రెడిట్ కార్డు గీకి ఉంటే 3.5 శాతం మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం. ఒక్క తిండి మీదే దాదాపు 2,000 పోయేది.

తేడా 2,29,700. ఏజెంటు తిరిగివ్వనన్న 40,000 తీసేసినా 1,89,700 మిగిలింది. ఎఫ్‌డీ కదపాల్సిన పనే రాలేదు. అన్నయ్యగారూ, వింటున్నారా?

స్కాలర్‌షిప్పు, ఎడ్యుకేషన్ లోను కూడా ఉంటాయంటారు. ఈ మొత్తానికి మేం వాటి జోలికి పోలేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ ప్యాకేజీ బ్రోచర్ చూసి అమ్మాయి పడీ పడీ నవ్వింది. మూడో రోజు కార్యక్రమం: వియన్నాలో ఫ్రాయిడ్ గారి సుప్రసిద్ధ సోఫా సందర్శన. ఆ సోఫా వియన్నాలో ఉంటే కదా! ఫ్రాయిడ్ 1891 నుంచి వియన్నాలో బెర్గ్‌గాసె వీధి 19వ నంబరు ఇంట్లో ఉన్నాడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలిపేసుకున్నాక లండన్ వెళ్లిపోయాడు, సోఫా కూడా ఆయన వెంటే వెళ్లింది. ఇవాళ లండన్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. కలకత్తా డాక్టరు గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు పంపిన దంతపు విష్ణుమూర్తి కూడా అక్కడే. ఆ వస్తువులు వియన్నాలో ఎందుకు లేవన్నదే కోర్సులో ఒక రోజు పాఠం. ఆ ఇంటి ఖాళీ గదుల్లో నిలబెట్టి చెప్పారట.

1784లో చక్రవర్తి రెండో జోసెఫ్ పిచ్చివాళ్ల కోసం కట్టించిన గుండ్రటి భవనం నారెన్‌టుర్మ్ చూపించారు. నాలుగు నాజీ క్యాంపుల నుంచి బతికి వచ్చిన డాక్టరు విక్టర్ ఫ్రాంకల్ ఇల్లు చూపించారు. స్టైన్‌హోఫ్ ఆసుపత్రికీ తీసుకెళ్లారు. నాజీల కాలంలో అక్కడి ష్పీగెల్‌గ్రుండ్ వార్డుల్లో దాదాపు 800 మంది జబ్బుపిల్లలు, వికలాంగ పిల్లలు చనిపోయారు. కొందరి అవశేషాలను పరిశోధన పేరిట దశాబ్దాలు దాచి, 2002లో గానీ ఖననం చేయలేదు. సైకాలజీ చదివే పిల్లకు ఫ్రాయిడ్ కన్నా ఇది తెలియడం ముఖ్యమని నా అభిప్రాయం. ప్యాకేజీలో ఈ ఆసుపత్రి పేరే లేదు. ఆ పూట ఔట్‌లెట్ షాపింగ్ పెట్టారు.

కోర్సుకు 3 ఈసీటీఎస్ క్రెడిట్లు, అంటే యూరప్ యూనివర్సిటీల లెక్క. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని కాబట్టి పాఠాలు, చదవడం, చివర రాసే పేపరు అన్నీ కలిపి 75 నుంచి 90 గంటలు. ఇక్కడ అమ్మాయి డిపార్ట్‌మెంట్ మాత్రం ఆ క్రెడిట్లను లెక్కలోకి తీసుకోలేదు. అన్నయ్యగారికి దొరికిన ఒకే ఒక్క పాయింటు అది. దాన్నే పట్టుకుని ఏడాదిగా లాగుతున్నారు. సరే, లాగనివ్వండి. ప్యాకేజీ వాళ్లిచ్చే రంగుల సర్టిఫికెట్టుకు ఎక్కడా ఒక్క క్రెడిట్టూ లేదు.

పిల్లల్ని ఇలా పంపాలనుకునే తల్లిదండ్రులకు నాదొక విన్నపం. క్రెడిట్లు ఒప్పుకుంటారా లేదా అన్నది మీ హెచ్‌ఓడీ చేత ముందే రాయించుకోండి. టీసీఎస్ రేట్లు బడ్జెట్లతో మారుతుంటాయి, కట్టే నెలలో బ్యాంకులో కనుక్కోండి. ఇన్‌వాయిస్ మీద యూనివర్సిటీ పేరు, క్రెడిట్ల సంఖ్య కనబడకపోతే, చెప్పింది ఎంత దగ్గరి చుట్టమైనా సరే, అడ్వాన్సు ఇవ్వకండి.