కారు రేటు కాదు, ఇంజను రేటు అడుగు

పోయిన నెల మా పెదనాన్నగారి మనవడు ఒక లింకు పంపాడు. 2003 మోడల్ పోర్షే బాక్‌స్టర్, 1,18,000 మైళ్ళు, 9,500 డాలర్లు. కింద ఒకటే వాక్యం: "బాబాయ్, పాత కామ్రీ రేటుకి పోర్షే!"

వాడు మొవ్వలో మా వెనక వీధిలోనే పెరిగాడు. డాలస్ వచ్చి మూడేళ్ళు, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. చదువుకి తీసుకున్న లోను కింద మా అన్నయ్య ఎకరం పొలం ఇంకా బ్యాంకు తాకట్టులోనే ఉంది. చేతిలో ఉన్నది పన్నెండు వేల డాలర్లు. ఆ సంగతి నాకు తెలుసని వాడికి తెలుసు, అందుకే రెండో వాక్యం రాయలేదు.

వద్దురా అనేద్దామనుకున్నా. కానీ ఆ మాట అనే అర్హత నాకెక్కడిది?

2011లో నేను 2005 మోడల్ మాజ్దా ఆర్ఎక్స్-8 కొన్నాను. 92 వేల మైళ్ళు తిరిగిన బండి, 7,500 డాలర్లు. అప్పటికి పెళ్ళి కాలేదు. రోజంతా ఎవరో రాసి పారేసిన జావా కోడ్‌లో బగ్గులు ఏరుకోవడమే పని. 9,000 ఆర్‌పీఎం దాకా లాగించే బండి అనగానే ఇంక వేరే ఆలోచన లేదు. అయినా బుద్ధిమంతుడిలా ముందు నాన్నకి ఫోన్ చేశాను.

పాత ఇంజన్లు కొనడంలో మా నాన్నకి పీహెచ్‌డీ ఉన్నట్టే. మాది కాలవ చివరి భూమి. బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో చదివాక ఎన్నాళ్ళకో మా చేనికి తడి తగిలేది. ఒక్కోసారి అదీ లేక మురుగు కాలవలోంచి ఆయిలింజనుతో తోడుకునేవాళ్ళం. ఆయన జీవితంలో మూడు సెకండ్ హ్యాండ్ ఆయిలింజన్లు కొన్నాడు. రూల్స్ రెండే. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మనం వెళ్ళేసరికే అమ్మేవాడు తిప్పి వేడి చేసి ఉంచాడంటే ఏదో దాస్తున్నట్టు. రెండోది, ఇంజను తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాలి. గుప్పుగుప్పుమని పొగ చేతికి కొడితే బ్యాక్ కంప్రెషన్. రింగులు అరిగాయి, బోరుకొచ్చింది అని లెక్క.

నేను వెళ్ళి బానెట్ మీద చెయ్యేసి చూశా, చల్లగా ఉంది. తాళం తిప్పగానే స్టార్టయింది. సంతకం పెట్టేశా.

తమాషా ఏంటంటే ఆర్ఎక్స్-8లో అసలు పిస్టన్లే లేవు! అది రోటరీ ఇంజను. మూడు మూలలున్న రోటర్లు రెండు గూళ్ళలో తిరుగుతుంటాయి. ఆ మూలల అంచుల్లో సన్నటి సీళ్ళు ఉంటాయి. అవి అరిగితే కంప్రెషన్ పోతుంది. ఆ సీళ్ళకి తడి అందాలని కొంచెం కొంచెం ఆయిల్‌ని లోపలికి చిమ్ముతూ, కావాలనే కాలుస్తుంది ఆ ఇంజను. అందుకని "ఆయిల్ తాగుతోంది" అన్న పాత గుర్తు దీనికి పనికిరాదు. చల్లగా ఉన్నప్పుడు చూడటం కూడా పనికిరాదు. అరిగిన రోటరీ పొద్దున్నే బుద్ధిగా స్టార్టవుతుంది. వేడెక్కాక ఆపి, పెట్రోలు కొట్టించుకుని మళ్ళీ తాళం తిప్పినప్పుడు మొరాయిస్తుంది. మామూలు కంప్రెషన్ గేజీతో కూడా సరిగ్గా తెలియదు. రోటరు మూడు ముఖాలకీ విడివిడిగా లెక్క చూపించే టెస్టరు కావాలి. అంటే మా నాన్న రూల్ పెట్టుకుని నేను సరిగ్గా తిరగేసి పరీక్ష చేశానన్నమాట.

97 వేల మైళ్ళ దగ్గర, ఒక పెట్రోలు బంకులో, మొదటిసారి మొరాయించింది. బ్యాటరీ మార్చాను. నెల తర్వాత మళ్ళీ అదే పాట. స్టార్టరు మార్చాను. 1,03,000 దగ్గర ఇంజను పూర్తిగా చేతులెత్తేసింది.

అప్పుడు కూర్చుని చదివాను (కొనకముందు చదవాల్సింది). 2004 నుంచి 2008 మోడల్ దాకా అమెరికాలో అమ్మిన ఆర్ఎక్స్-8ల ఇంజనుకి మాజ్దా వారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకి పొడిగించింది. 97 వేల దగ్గర బ్యాటరీ కొనే బదులు కంప్రెషన్ టెస్టు చేయించి ఉంటే ఇంజను ఊరికే వచ్చేదేమో. మూడు వేల మైళ్ళతో పోయింది. ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతుంది.

నాకిచ్చిన కొటేషన్ 6,800 డాలర్లు. బండి కొన్నదేమో 7,500కి. చివరికి 1,400కి ఒక మెకానిక్కుకి అమ్ముకున్నా.

నాన్నకి ఇది అస్సలు అర్థం కాలేదు. "ఇంజను మొత్తం మార్చడమేంట్రా? బోరింగ్ చేయించుకో." ఆయన ప్రపంచంలో ఇంజను చచ్చిపోదు. లైనరు అరిగితే పాతది లాగేసి కొత్తది దించుతారు, పిస్టన్, రింగులు వేస్తారు, హెడ్డు గ్రైండింగ్ చేయిస్తారు. మా ఆయిలింజను ఒకసారి విజయవాడ ఆటోనగర్ వెళ్ళి మూడో రోజుకి తిరిగొచ్చింది. రెండు బస్తాల మినుముల డబ్బుతో పనైపోయింది. మార్చుకోవడానికి వీలుగా తయారుచేసిన ఇంజను అది. పైగా అక్కడ చేతిపనికి అయ్యే ఖర్చు తక్కువ. అమెరికాలో రెండూ తలకిందులు. గంటల లెక్కన కూలీ కట్టి పాత ఇంజను విప్పి, కొలిచి, బాగుచేసే బదులు ఇంకోటి తెచ్చి బిగించడమే చాలాసార్లు చవక. చవక అంటే, ఆరు వేల ఎనిమిది వందలు :)

బాక్‌స్టర్ దగ్గరికొద్దాం. శనివారం ఇద్దరం వెళ్ళి చూశాం. బండి ముద్దొస్తోంది, అబద్ధమెందుకు. సీట్ల వెనకాల ఆరు సిలిండర్ల ఇంజను. అందులో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంది. వాల్వులు నడిపే చెయిన్లకి ఊపు అక్కణ్ణించే వెళ్తుంది. దాని చివర ఒక బాల్ బేరింగు. మా మొవ్వలో సైకిల్ షాపువాడు కూడా పట్టించుకోనంత చిన్న వస్తువు. అది పోతే టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇనప రజను ఆయిల్లో కలిసి ఇంజనంతా తిరుగుతుంది. 2000 తర్వాత, 2005 దాకా వచ్చిన వాటిలో ఎక్కువగా ఒంటి వరస బేరింగు పెట్టారు, బెడద వాటికే ఎక్కువ. దీని మీద అమెరికాలో కోర్టు కేసు నడిచి 2013లో రాజీ కుదిరింది. దాని హద్దు పదేళ్ళు లేదా 1,30,000 మైళ్ళు. అంటే 2003లో అమ్మిన బండికి ఆ రక్షణ 2013తోనే సరి. సిలిండర్లేమో బ్లాకులోనే పోత పోసినవి, మా లైనరులా లాగి మార్చేవి కావు. కోసి స్లీవులు వేసే షాపులున్నాయి గానీ అది ఆటోనగర్ ఖర్చు కాదు.

అమ్మే పెద్దాయన మర్యాదస్తుడు. బేరింగు మార్చిన రసీదు ఉందా అంటే లేదన్నాడు. క్లచ్ ఎప్పుడు మార్చారంటే నేను కొన్నాక మార్చలేదన్నాడు. బేరింగు దగ్గరికి వెళ్ళాలంటే గేర్‌బాక్సు, క్లచ్ దించాల్సిందే, కాబట్టి రెండూ కలిపి చేయించుకోవడం రివాజు. పోర్షేలు మాత్రమే చూసే ఒక మెకానిక్కుని అడిగితే రెండూ కలిపి 3,800 అన్నాడు. ఇంజనే పోతే? ఇంకో బాక్‌స్టర్లోంచి తీసిన పాతది బిగించినా పదకొండు వేలు.

కారు 9,500, దాని ఇంజను 11,000. ఆ బండి కామ్రీ రేటుకి ఎందుకొస్తోందో అప్పుడు అర్థమైంది వాడికి. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు కలిసి ఇంజను ఖర్చుని ఎప్పుడో మినహాయించేశారు.

అయినా వాడు ఊరుకోలేదు. "1,18,000 మైళ్ళు బతికిన బేరింగు ఇంకో ఇరవై వేలు బతకదా బాబాయ్? చాలా బండ్లు అదే బేరింగుతో తిరుగుతున్నాయిగా." నిజమే, తిరుగుతున్నాయి. వాడు ఇంజను పోయే అవకాశం ఎంత అని లెక్కేస్తున్నాడు. పోయినరోజు డబ్బు ఎక్కణ్ణించి తెస్తావని నేనడుగుతున్నాను. పదకొండు వేలు పక్కన పెట్టి కొనుక్కుంటానంటే నేనే తాళాలు తీసిస్తాను, ఒక రౌండు నాక్కూడా ఇమ్మంటాను. కానీ వాడికి ఆ డబ్బు ఉంటే ముందు విడిపించాల్సింది ఎకరం పొలం. ఆ మాట నేను అనలేదు. దారి పొడుగునా వాడూ మాట్లాడలేదు.

మూడు రోజుల తర్వాత ఇంకో లింకొచ్చింది. 2006 మాజ్దా మియాటా, 1,41,000 మైళ్ళు, 6,200 డాలర్లు. ఈసారి కింద రెండో వాక్యం కూడా ఉంది: "మాజ్దా 3లో ఉండే రకం ఇంజనే బాబాయ్, జంక్‌యార్డు నుంచి తెచ్చి బిగిస్తే మూడు వేలట, కనుక్కున్నా."

రాత్రి నాన్నతో మాట్లాడుతూ సంగతి చెప్పాను. మనవడు కారు కొంటున్నాడు, అదీ మాజ్దాయే అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"దాంట్లో పిస్టన్లున్నాయా?"

ఉన్నాయి నాన్నా అన్నాను.

"అయితే మూత తీసి చెయ్యి పెట్టి చూడమను."