ఒక చెవి పాటకి, ఇంకో చెవి పట్టాలకి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే వినిపించేది రైలు కాదు. హారన్లు, కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పంచే కుర్రాళ్ల పిలుపులు, బట్టల షాపుల స్పీకర్లు. అక్కడి నుంచి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్ దాకా దాదాపు మూడు కిలోమీటర్లు. ఎల్బీనగర్ చౌరస్తాకి వచ్చేసరికి సౌండ్ మారిపోతుంది. ‘‘సూర్యాపేట, సూర్యాపేట, విజయవాడ!’’ అని బస్సుల దగ్గర ఒకటే కేకలు. ఇంత గోలలోనూ 2018 సెప్టెంబర్ 24 నుంచి మన తలల మీదుగా మెట్రో చడీచప్పుడు లేకుండా పోతూనే ఉంది.

ఆ మూడు కిలోమీటర్లనే నేను చైతన్యపురిలోని అద్దె రూములో ప్లైవుడ్ మీద కడుతున్నా.

దీన్ని ఎన్ స్కేల్ అంటారు. అసలు సైజులో 160వ వంతు, పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. కాచిగూడలో ఆగే రైళ్లది 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్. దాన్ని 160తో భాగిస్తే పదిన్నర వస్తుంది, అంటే 9 మిల్లీమీటర్ల పట్టాల మీద అది ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. మన మెట్రోది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్. భాగించి చూడండి, అచ్చంగా 9! చిక్కల్లా పొడవుతోనే. మూడు కిలోమీటర్లని 160 రెట్లు కుదించినా పంతొమ్మిది మీటర్లు దాకా ఉంటుంది. నా గోడ పదడుగులు. అందుకే రెండు చివరి స్టేషన్లే బల్లెక్కాయి, మధ్యవి రెండూ మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి.

రూమ్‌మేట్ ఆర్‌ఆర్‌బీ పరీక్షకి చదువుతున్నాడు. వాడికి రైల్వేలో చేరాలని, నాకు రైల్వే కట్టాలని. రూము మాత్రం ఒకటే! రాత్రి పది దాటితే పాట ఇయర్‌ఫోన్స్‌లోనే. గాయకుడు రాడ్ స్టీవర్ట్ కచేరీ టూర్లకి వెళ్లినప్పుడు మోడల్ రైల్వే పనికోసం హోటల్లో ఇంకో గది అడిగేవాడట. మనకి ఇంకో గది అంటే ఇంకో అద్దె.

టంకం పెట్టేటప్పుడు కొత్త పాట పనికిరాదు. తర్వాత ఏమొస్తుందో అని మనసు అటు పోతుంది, చెయ్యి ఆగుతుంది. బాగా నలిగిన పాట అయితే చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. 1989 నాటి ‘గీతాంజలి’ పాటలు నాకు అలాంటివి. ఇళయరాజా వయొలిన్లు ఎక్కడ లేస్తాయో ముందే తెలుసు, అక్కడ ఊపిరి బిగబట్టను. ఆ పాటలన్నీ అయ్యేలోపు వయాడక్ట్ పిట్టగోడ ఒక వరస పూర్తవుతుంది.

రైలు నడిపేటప్పుడు మాత్రం ఒక ఇయర్‌ఫోన్ తీసేస్తా. చక్రం పట్టా ఎక్కబోతుంటే కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది, సన్నగా కిర్రుమంటుంది.

ఆ చెవితోనే ఇంకో సంగతి కూడా వింటున్నా. మన పాత రైలు ప్రయాణాల టకటక గుర్తుందా? పదమూడు మీటర్ల పట్టాల ముక్కల్ని కలిపినచోట సందు ఉండేది. ఒక బోగీకి చివర ఉన్న రెండు ఇరుసులు, ఆ వెనకే పక్క బోగీ ముందున్న రెండు ఇరుసులు ఆ సందు దాటితే నాలుగు దెబ్బలు, తర్వాత కాస్త విరామం. అదే తాళం. ఇప్పుడు పట్టాల్ని పొడవుగా వెల్డింగ్ చేస్తున్నారు, మెట్రోలో అయితే ఆ తాళం అసలే లేదు. కానీ నా బల్ల మీద పట్టాలు ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. అసలు మెట్రో చెయ్యని చప్పుడు నా బొమ్మ మెట్రో చేస్తోంది!

నిజానికి జాయింట్లకి టంకం పెట్టి, ఆకురాయితో రుద్దేస్తే ఆ చప్పుడు పోతుంది. మొన్న అందుకే కూర్చున్నా. ఎల్బీనగర్ వైపు నాలుగు అతికించేశాక రూమ్‌మేట్ పుస్తకంలోంచి తలెత్తాడు. వాళ్లది డోర్నకల్ పక్క ఊరు, ఇంటి వెనకే రైలు పట్టాలు.

‘‘మిగతావి ఉండనీయరా. ఇంట్లో చదువుకుంటున్నట్టుంది’’ అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి రెండు జాయింట్లు అలాగే వదిలేశా. వాడి పరీక్ష అయ్యేదాకా రోజూ రాత్రి పదకొండింటికి స్పెషల్ ట్రిప్పు ఉంది. ఆ ఒక్క ట్రిప్పుకీ రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసేస్తా.