అమ్మాయి చేతికి తాళము

వంటలు, వ్రతములు, శిశుపోషణము మున్నగువానిని గూర్చి మన పత్రికలో తఱచుగా చదువుచుందుము. కారు కొనుటను గూర్చి యొక గృహిణి వ్రాయుట మీలో కొందఱికి వింతగా దోచవచ్చును. అది పురుషుల వ్యవహారమని నేనును మొన్నటివఱకు తలచితిని. కాని యా కారును నడుపబోవునది పదునెనిమిదేండ్ల నా కూతురును, అందు కూర్చుండబోవునది వ్యాధిగ్రస్తురాలగు నా అత్తగారును అయినప్పుడు ఆ వ్యవహారము మా వంటయింటిలోనికే వచ్చి కూర్చున్నది. అందు నాకు దెలిసివచ్చిన సంగతులు తోడిగృహిణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది ఆమదాలవలస. మా వారు పొరుగూరి బడిలో ఉపాధ్యాయులు. మా అత్తగారికి మూత్రపిండములు చెడుటచే వారమునకు రెండుమార్లు శ్రీకాకుళమునకు గొనిపోయి డయాలిసిస్ చేయింపవలసివచ్చినది. పోవునప్పుడు ఆటోలో ఎట్లో పోవుదుము. నాలుగు గంటలు సూదులతో పడియుండి లేచిన మనిషి, తిరిగివచ్చునప్పుడు గోతిగోతికిని మూల్గుచు, నా భుజముపై తల వాల్చి కన్నులు మూసికొనును. మా వారికి అన్ని సెలవులు దొరకవు. అమ్మాయి శ్రీకాకుళములోనే డిగ్రీ చదువుచున్నది. కారొకటి యున్నచో ఉదయము మమ్మిద్దఱిని ఆసుపత్రికడ దింపి తాను కళాశాలకు పోయి, మధ్యాహ్నము మరల దీసికొని రాగలనని అదియే చెప్పినది. మా వారు సరియనిరి. నేను మాత్రము నోరు మెదపలేదు. అందులకు కారణము కలదు.

రెండేండ్ల క్రిందట, అమ్మాయికి పదునాఱేండ్లున్నప్పుడు, ఒకనాటి సాయంకాలము అత్తగారి మాత్రలు నిండుకొన్నవి. మా వారింకను ఇల్లు చేరలేదు. స్కూటరు తాళము నేనే దాని చేతికిచ్చి, “త్వరగా పోయి రా” యంటిని. స్టేషను దారిలో ఒక మలుపుకడ ఇసుకపై బండి జాఱి, సైకిలుపై వచ్చుచున్న యొక వృద్ధకూలీని పడద్రోసినది. అమ్మాయి గడ్డమునకు కుట్లు పడినవి. ఆ ముసలివానికి ముంజేయి విఱిగినది. ఆసుపత్రి ఖర్చును, ఆఱువారముల కూలియు మేమిచ్చుకొంటిమి. పోలీసులకడకు పోవుదమని ఎవరో యనగా, “చిన్నపిల్ల, పోనీండమ్మా” యని యాతడే వారించెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. పిల్ల చిన్నదే, తాళమిచ్చిన నేను చిన్నదానను కాను గదా!

చట్టము కూడ ఆ మాటయే చెప్పునని తరువాత దెలిసినది. గేర్లు లేని 50 సి.సి. లోపు బండికి మాత్రమే పదునాఱేండ్లకు లైసెన్సు నిత్తురు. మన యిండ్లలో నుండు స్కూటర్లు దాదాపన్నియు అంతకు మించినవే. వానికిని, కారునకును పదునెనిమిదేండ్లు నిండవలెను. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మైనరు బిడ్డ బండి నడిపి నేరము చేసినచో తల్లిదండ్రులకుగాని, బండి యజమానునకుగాని మూడేండ్లవఱకు కారాగారమును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. ఆ బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బిడ్డకు ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. “మా వాడు బాగుగా నడుపును” అని మురిసిపోవు తల్లులు దీనిని గుర్తుంచుకొందురుగాక.

కావున ఈమాఱు తొందరపడరాదని నిశ్చయించుకొంటిని. అమ్మాయికి పదునెనిమిదేండ్లు నిండినపిదప లెర్నరు లైసెన్సు తీయించితిమి. అది ఆఱునెలలు చెల్లును. ముప్పది దినములు గడచినగాని అసలు లైసెన్సునకు పరీక్ష పెట్టరు. అది నేర్చుకొనుచుండగా మేము కారు వెదకసాగితిమి.

మూడు బేరములు వచ్చినవి. మొదటిది మా అన్నయ్యది. 2009 నాటి తన పాతకారును మేనకోడలికి ఊరకనే యిచ్చెదననెను. రెండవది ఒడిషా నంబరుగల పెద్దకారు, అద్దమువలె మెఱయుచున్నది, మూడున్నర లక్షలు. మూడవది 2022 నాటి టియాగో, చిన్నది. వెనుక తలుపు సొట్టపోయి, రంగు గీచుకొనిపోయి యున్నది. అయినను నాలుగు లక్షల పదివేలు చెప్పిరి. మా వారికి ఊరక వచ్చునదియు, అమ్మాయికి మెఱయునదియు నచ్చినవి.

నాకు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. ఋతుపర్ణుడు ఒక్కదినములో విదర్భకు పోవలెననగా బాహుకుడై యున్న నలుడు శాలలోని బలిసిన గుఱ్ఱములను విడిచి బక్కచిక్కిన వానిని తెచ్చి కట్టెను. రాజు పరిహసించెను. నలుడు చూచినది కండను గాదు, సులక్షణములను. కారునకును లక్షణములు కలవు; అవి పైరంగులో కనబడవు.

ఆ లక్షణములలో మొదటిది పుట్టిన యేడు. మన దేశమున తయారగు ప్రతి కారులోను ఏ.బి.ఎస్. అను బ్రేకు ఏర్పాటు 2019 ఏప్రిలు నుండియు, నడుపువారి ముందు ఎయిర్‌బ్యాగు అదే యేడు జూలై నుండియు తప్పనిసరి చేయబడినవి. ప్రక్కసీటువారికిని ఎయిర్‌బ్యాగు ఉండితీరవలెనను నియమము 2022 నాటికి అన్ని కార్లకును వర్తించినది. కొత్తగా నేర్చినవారు భయముతో బ్రేకును బలముగా త్రొక్కుదురు. అప్పుడు ఏ.బి.ఎస్. లేనిచో చక్రములు బిగిసి బండి తిన్నగా జాఱిపోవును. ఉన్నచో చక్రములు బిగియక, స్టీరింగు త్రిప్పి తప్పించుకొను వీలుండును. మలుపులో ఇసుకపై జాఱిన బండి కథ నాకు తెలియనిది కాదు. కావున 2022కు ముందరి కారు వలదని నేను గీత గీచితిని.

రెండవ లక్షణము దృఢత్వము. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున అమ్ముడగు ఐదు చిన్నకార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో ఢీకొట్టించి చూడగా, ఐదింటికిని సున్న నక్షత్రములే వచ్చినవి. చవుకకార్లు దుర్బలములుగానే యుండునని అప్పుడు చాలమంది యనుకొనిరి. కాని 2018 డిసెంబరులో మన దేశమున తయారైన నెక్సాన్ ఐదు నక్షత్రములు పొందినది. 2020లో టియాగోకు పెద్దల రక్షణలో నాలుగు, పిల్లల రక్షణలో మూడు వచ్చినవి. 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అని మన ప్రభుత్వమే అట్టి పరీక్షలను ప్రారంభించినది. ఈ ఫలితములు అందఱికిని అందుబాటులో నున్నవి. కంచిపట్టు కొనునప్పుడు జరీని గీచి చూచు మనము, ప్రాణములు నిలుపు వస్తువును కొనునప్పుడు నక్షత్రములెన్నియని యడుగుటకు సిగ్గుపడనేల? ఒక్క జాగ్రత్త కలదు: అదే పేరుతో నున్నంతమాత్రమున అన్ని యేండ్ల కార్లును ఒకటి కావు, ఏ యేటి తయారీని పరీక్షించిరో చూచుకొనవలెను.

ఒడిషా కారును చూచుటకు మాకు తెలిసిన మెకానిక్కును వెంట దీసికొని పోయితిమి. అతడు ఇంజను చూచుటకుముందే కాళ్ల క్రింది తివాసీ నెత్తెను. దానిక్రింద ఎండిన ఒండ్రుమట్టి కనబడినది. సీటు క్రింది ఇనుపపట్టాలు త్రుప్పుపట్టియున్నవి. అది వఱదలో మునిగి లేచిన బండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాపై పడి, వంశధార పొంగిననాటి సంగతి మఱచితిమా? అట్లు మునిగిన బండ్లను కడిగి రంగువేసి దూరపుటూళ్లలో అమ్ముట కలదు. నీరు చొచ్చినచో ఎయిర్‌బ్యాగు తీగెలు లోలోన చెడును. అవసరమైననాడు అది తెఱచుకొనకపోవచ్చును.

ఆ మెకానిక్కే మఱికొన్ని గుర్తులు చెప్పెను. తాళము త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి కొన్ని క్షణములలో ఆఱిపోవలెను. ఆఱకున్న లోపమున్నదన్నమాట, అసలే వెలుగకున్న లోపమును దాచుటకు ఎవరో దీపమునే తీసివేసియుందురు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: 2319 అనిన 2019వ యేటి ఇరువదిమూడవ వారమున చేసినది. అఱుగకున్నను మిక్కిలి పాతబడిన టైరు నమ్మదగినది కాదు. కాగితముల సంగతియు అంతే. పరరాష్ట్రపు బండియైనచో అచటి కార్యాలయమునుండి అభ్యంతరము లేదను పత్రమును దెచ్చి, ఇచట జీవితకాలపు పన్ను కట్టవలెను. అమ్మువానికి బ్యాంకు అప్పున్నచో అది తీఱినట్లు ఆర్.సి.లో కొట్టివేయింపవలెను. ఇన్సూరెన్సు మన పేరనే మాఱవలెను. ఈ ఖర్చులన్నియు కలుపుకొన్నపిదపగాని ఏది చవుకయో తెలియదు.

మిగిలినది అన్నయ్య కారు. ఊరక వచ్చుదానిని కాదనుట మా వారికి కష్టముగా దోచినది. “రెండేండ్లు దీనితో చేయి తిరుగనిమ్ము, తరువాత మంచిది కొందము, నేర్చుకొనువారికి పాతదే మేలు” అనిరి. ఊరిలో అందఱును అనుమాటయే అది. ఆలోచించినకొలది నాకది తలక్రిందులుగా దోచినది. చేయి తిరిగినవాడు ప్రమాదమును తప్పించుకొనగలడు. తిరుగనిది ఈ మొదటి రెండేండ్లలోనే గదా! ఎవరికి పొరపాటు జరుగుట కెక్కువ అవకాశమున్నదో వారికే దృఢమైన బండి కావలెను. ఎయిర్‌బ్యాగు ఒక్కటియు లేని బండిలో నేర్చికొని, ఆరితేఱినపిదప ఆఱు ఎయిర్‌బ్యాగుల బండి యెక్కుట, ఈత వచ్చినపిదప సొరకాయబుఱ్ఱలు కట్టుకొనుటవంటిది.

మాకు చీటీపాటవలన వచ్చినది రెండులక్షలు. తక్కినదానికి దారి లేదు. అమ్మాయి పెండ్లికని దాచిన గాజులు రెండు తీసి మా వారి ముందుంచితిని. “ఇవి దాని పెండ్లికి గదా!” యనిరి. “పెండ్లినాటికి అది కుశలముగా నుండుటకే” యంటిని. వారు చాలసేపు మాటాడలేదు. మఱునాడు తామే బంగారపుకొట్టుకు పోయి వచ్చిరి. అన్నయ్య కొన్నాళ్లు మా యింటికి రాలేదు. నేనే పోయి, నా తప్పు కథ యంతయు మరల చెప్పి, బ్రతిమాలి తీసికొని వచ్చితిని. సొట్టతలుపు కారు మా వాకిటికి వచ్చినది. అరసవిల్లిలో పూజ చేయించితిమి.

ఆడపిల్లకు కారేమని గొణిగినవారును లేకపోలేదు. దేవాసురయుద్ధమున మూర్ఛిల్లిన దశరథుని రథముతో సహా తప్పించి తెచ్చినది కైకేయియే గదా యని మాత్రము బదులు చెప్పితిని.

కారు మంచిదైనంతమాత్రమున చాలదు. ఉత్తరకుమారుడు అంతఃపురమున ప్రగల్భములాడి, కౌరవసేనను చూడగానే రథము దిగి పరుగెత్తెను. అర్జునుడు వెంట నిలిచి ధైర్యము చెప్పినపిదప అతడే యోగ్యుడగు సారథి యయ్యెను. కావున మొదటి మూడునెలలు పెద్దవారొకరు ప్రక్కన కూర్చుండనిదే అమ్మాయి బండి తీయరాదని నియమించితిమి. చిలకపాలెముకడ జాతీయరహదారి యెక్కుట ఆ తరువాతనే. నడుపునప్పుడు ఫోను నా సంచిలో నుండును. వేగము అఱువది మించరాదు. అఱువది కిలోమీటర్లనిన సెకండునకు పదునాఱు మీటర్లకు పైమాట. ఉత్తరీయము జాఱినదని ఋతుపర్ణుడు చెప్పునంతలో రథము యోజనము దాటినట్లు, ఫోనువంక ఒక్కసారి చూచునంతలో మన వీథి సగము దాటిపోవును.

రాత్రి ప్రయాణము మా యింట పూర్తిగా నిషిద్ధము. 2012 నవంబరు 2న, అర్ధరాత్రి దాటినపిదప, రణస్థలము దగ్గఱ రహదారిపై ట్యాంకరును ఢీకొనిన కారులో మన జిల్లా నాయకులు కింజరాపు ఎఱ్ఱన్నాయుడుగారు మరణించిన వార్త విని జిల్లాయంతయు కన్నీరు పెట్టినది. అంతటి వారికే తప్పనిది మనకు తప్పునా?

తుదినియమము బెల్టు. మూడుచోట్ల పట్టియుంచు ఈ బెల్టును 1959లో స్వీడను దేశపు ఇంజనీరు నీల్స్ బోలిన్ కల్పించెను. ఎయిర్‌బ్యాగు దీనికి తోడేగాని బదులు కాదు. బెల్టు లేనిచో అదియే గాయపఱుపవచ్చును. వెనుకసీటువారికి అక్కఱలేదని మనమందఱము అనుకొందుము. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనుకసీటులో బెల్టు లేకయే కూర్చుండి ప్రమాదమున మరణించెను.

మొదటినాడు అత్తగారికి బెల్టు పెట్టబోగా, “ఇదేమమ్మా, పెయ్యను కట్టినట్లు కట్టుచున్నావు?” అని విసుగుకొనిరి. అమ్మాయి వెనుకకు దిరిగి, “మామ్మా, నీవు కట్టుకొన్నగాని బండి కదలదు” అనినది. ఆమె కట్టుకొనిరి. తిరిగివచ్చునప్పుడు, కారు మెల్లగా పోవుచుండగా, ఆమె మూల్గలేదు; నిదురపోయినది. అద్దములో నా కూతురి గడ్డముమీది మచ్చ కనబడుచున్నది. నేను దానిని చూచుచు ఇల్లు చేరువఱకు కూర్చుంటిని.

సోదరీమణులారా! పిల్లలకు మొదటి బండి కొనునాడు ధర యడుగుటకుముందు ఏ యేటిదో, నక్షత్రములెన్నియో, మునిగినదో కాదో అడుగుడు. అన్నిటికంటె ముందు, తాళమిచ్చు కాలము వచ్చినదా యని మిమ్మును మీరే యడిగికొనుడు. ఆ ప్రశ్నను నేనొకనాడు అడుగుకొననందులకు వెల నిచ్చినది ఒక నిరపరాధియగు వృద్ధుడు.